బొట్టు పెట్టిన అడకత్తెర

మా షాపులో ఒక మిషను ఉండేది. దానికి కరెంటు అక్కర్లేదు, డీజిలు అక్కర్లేదు, వాడేవాడికి బుద్ధి కూడా అక్కర్లేదని మేమందరం గట్టిగా నమ్మాం. నమ్మినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే.

రెండు వేల ఏడు ప్రాంతం మాట. ఏలూరులో జనానికి టైల్సంటే మొహం మొత్తి, చెక్కలాంటి ఫ్లోరింగు మీదికి మనసు మళ్ళింది. చెక్క కాదు, చెక్కలాంటిది. రంపపు పొట్టు నొక్కి పలక చేసి, దానిమీద టేకు బొమ్మ అచ్చేసిన కాగితం అంటించి, పైన గాజులా గట్టి పూత పూస్తారు. కొల్లేటి చేపల చెరువుల మీద చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాళ్ళు హాల్లో అవి పరిపించుకుని, వచ్చిన చుట్టాల చేత గుమ్మం దగ్గరే చెప్పులు విప్పించి నడిపించేవారు. "అసలు టేకండీ" అని చెప్పేవారు. నేను అక్కడే ఉంటే నా మొహం చూడకుండా చెప్పేవారు.

నేను ఇరవై ఏళ్ళు ఉలి పట్టిన వడ్రంగిని. ఈ పలకలమ్మే షాపులో ఫిట్టరుగా చేరాక కళ్ళు నెత్తికెక్కాయి. ఉలులు, చిత్రిక, సానరాయి అన్నీ గోనెసంచిలో మూటగట్టి అటక మీదికి విసిరేశాను. ఎవరైనా "ఏవండీ, మా మంచం కోడు ఊగుతోందండీ, కాస్త చూస్తారా" అని వస్తే, "నేనిప్పుడు మిషను మీద పని చేస్తున్నానండీ" అనేవాణ్ణి. ఆ మిషనేదో చూపిస్తే వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవారు. అందుకే చూపించేవాణ్ణి కాదు.

ఒక మూర పొడవు కత్తి, దాని కింద ఇనప బద్ద, పలకని ఆనించడానికి అడ్డంగా ఒక దిమ్మ, పైన బారెడు పిడి. పలకని దిమ్మకి ఆనించి పిడి కిందికి లాగితే తెగుతుంది. వక్కలు కత్తిరించే అడకత్తెర ఉంటుందే, దానికి ముద్దలు పెట్టి పెంచి బెంచీకి బిగించినట్టుంటుంది. పనివాళ్ళం దాన్ని అడకత్తెర అనే పిలిచేవాళ్ళం. మా షావుకారు గారు మాత్రం దాన్ని మద్రాసు ఎగ్జిబిషన్లో కొన్నారు. నోరు తెరిచి "మిషనుగారు" అనలేదు గానీ, అంత గౌరవమూ ఇచ్చేవారు. షాపు బోర్డు మీద "దుమ్ము లేని కోత" అని ఎర్ర రంగుతో రాయించారు.

షావుకారు గారంత మెత్తని మనిషిని నేను చూడలేదు. కుక్క అడ్డంగా పడుకుంటే "కాస్త పక్కకి జరుగుతారా" అనే రకం. నేనేమీ తక్కువ తినలేదు లెండి. కాలు తొక్కినవాడితో "ఫర్వాలేదండీ, ఇంకో కాలు కూడా ఉందండీ" అనే ఊళ్ళో పుట్టినవాణ్ణి.

ఆయన ప్రతి శుక్రవారం గల్లాపెట్టెకీ, త్రాసుకీ, దీనికీ పసుపు కుంకుమ పెట్టేవారు. మిషనుకి బొట్టు ఎక్కడ పెట్టాలి? దాని ఒంట్లో నుదురులా కనిపించింది ఆ అడ్డదిమ్మ ఒక్కటే. తడిపిన పసుపు, దానిమీద కుంకుమ, దానిమీద వచ్చే శుక్రవారం మళ్ళీ పసుపు. ఏడాది తిరిగేసరికి ఆ బొట్టు రూపాయి బిళ్ళంత మందాన గట్టిపడి కూర్చుంది. నేను ఆదివారాలు చర్చికి వెళ్ళేవాణ్ణి. దాన్ని నేను తుడిస్తే ఆయన మనసు నొచ్చుకుంటుందేమోనని ఊరుకున్నాను. పలక ఆ బొట్టుకి ఆనుకుని కొంచెం ఏటవాలుగా నిలబడేది. ఏటవాలుగానే తెగేది.

అది చాలదన్నట్టు అంచు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయేది. టేకు బొమ్మ ఊడి లోపలి పొట్టు బయటపడేది. ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "సరుకు అలాంటిదండీ." వాళ్ళూ మనవాళ్ళే కదా, "అయ్యో, అలాగాండీ" అని ఊరుకునేవారు. పైగా కోసిన అంచు ఎప్పుడూ గోడవైపే పోతుంది. దానిమీద గోడ పొడవునా బీడింగు బద్ద కొట్టేస్తాం. మా వృత్తిలో బీడింగు కింద దాగని పాపం లేదు. అలా నేను ఏలూరు, తాడేపల్లిగూడెం, నల్లజర్ల దాకా పాపాలు పరుచుకుంటూ పోయాను.

ఒకరోజు షావుకారు గారు పిలిచారు.

"భీమడోలులో ఒక్క గదేనండీ. పెద్దాయనకి ఆయాసమండీ. దుమ్ము అసలు పనికిరాదట. మన మిషనుంది కదండీ అని మాటిచ్చేశానండీ. వాళ్ళావిడగారు ఎంచుకున్న రంగు మన దగ్గర ఉన్నదే ఆఖరు. మళ్ళీ రాదన్నారు కంపెనీవాళ్ళు. కాస్త చూసి కొయ్యండేం."

పలకలు ముందు రోజే ఆటోలో పంపేశారు. నేను అడకత్తెరని గోనెపట్టాలో చుట్టి పాసింజరు రైలెక్కించాను. దానికి ఎప్పుడూ అదే ప్రయాణం, వెనకపెట్టెలో చేపల గంపల మధ్య. కొల్లేటికోట వైపునుంచి వచ్చిన ఒకావిడ నా మిషను మీద గంప ఆనించింది.

"ఇదేంటి బాబూ, ఇంత కత్తి? పెద్ద బొచ్చె చేపలు కోస్తావా?"

"ఫ్లోరింగు పలకలు కోస్తానండీ."

"చోద్యం! నేలని కూడా కోసి పరుస్తారా?" అని పక్కావిడతో కలిసి నవ్వింది. గంపలోంచి చేపనీళ్ళు గోనెపట్టా మీద బొట్లు బొట్లుగా పడుతూనే ఉన్నాయి. "గంప జరపమంటావా?" అని అడిగింది కూడా. "ఫర్వాలేదండీ" అన్నాను. ఏడాదిగా ప్రతి రైల్లోనూ అదే మాట అన్నాను.

భీమడోలులో ఆ ఇల్లు స్టేషనుకి దగ్గరే. హాల్లోకి అడుగు పెట్టి, మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని కూర్చున్న మనిషిని ఇట్టే గుర్తుపట్టాను. మా మిషనరీ హైస్కూల్లో వడ్రంగం నేర్పిన క్రాఫ్టు మాస్టారు. నాకు కూడు పెట్టిన విద్య ఆయన చెప్పిందే. ఉలికి పదును పెట్టమని చెప్పి, దాన్ని తన ముంజేతి వెంట్రుకల మీద గీసి చూసేవారు. వెంట్రుక తెగకపోతే ఆ ఉలి పిడితోనే మా వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. నా కణుపుల మీద పడినన్ని దెబ్బలు స్కూలు గంట మీద కూడా పడలేదు.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి తీసుకుని అన్నారు.

"నువ్వా... మొద్దు ఉలిగాడివి."

ముప్ఫై ఏళ్ళయినా పేరు మర్చిపోలేదు మహానుభావుడు.

మాస్టారి భార్య నన్ను లోపలికి తీసుకెళ్ళి వెనక గది చూపించింది. పాత సిమెంటు గచ్చు. కాలితో రాస్తే పొడి లేచింది.

"ఊడిస్తే చాలు ఇదంతా గాల్లోకి లేస్తోంది నాయనా. ఊపిరాడక కొట్టుకుంటారు. అందుకని హాల్లో కూర్చోబెట్టాను. హాల్లో చూస్తే రోడ్డు మీది లారీల దుమ్ము. పది రోజులయింది ఆయన వెన్ను వాల్చి. మొన్న టైల్సు వేయిద్దామని ఒక మేస్త్రిని పిలిస్తే పెరట్లో కరెంటు రంపం పెట్టి కోశాడు. పావుగంటలో ఈయన్ని ఆసుపత్రికి మోసుకెళ్ళాం. నీ మిషనుకి దుమ్ము రాదన్నారు. ఈ గది ఒక్కటి చేసిపెట్టు, ఆయన పడుకుంటారు."

"మీరేం దిగులు పడకండమ్మా" అన్నాను. నా మొహం, నాకేం తెలుసని అన్నాను!

గచ్చు మీద ప్లాస్టిక్ పట్టా, దానిమీద స్పాంజి పట్టా పరిచి మొదలుపెట్టాను. మొదటి పలక అడకత్తెరలో పెట్టి పిడి మీద నా బరువంతా వేశాను. కరకరమని నలిగి, ఫట్టుమని విరిగింది. హాల్లోంచి మాస్టారి గొంతు.

"ఏరా... అప్పడాలు విరుస్తున్నావా?"

రెండోది కోశాను.

"గేదె... గడ్డి నములుతోందా?"

మూడోదానికి దగ్గొచ్చి ఆయన ఏమీ అనలేకపోయారు. నాకు హాయిగా అనిపించింది. ఇంత నీచమైన మాట రాస్తున్నాను గానీ, నిజం అదే.

"సరుకు అలాంటిదండీ మాస్టారూ!" అని గది లోంచి అరిచాను.

హాల్లోంచి జవాబొచ్చింది. "సరుకంటే... పలకా, నువ్వా?"

సాయంత్రానికి వెనక గోడ నుంచి మొదలుపెట్టి ముప్పాతిక గది పరిచాను. కొన్ని పలకలు మరీ అడ్డదిడ్డంగా విరిగి పనికిరాకుండా పోయాయి. వెనక గోడ పొడవునా పెచ్చులు ఎంత లోపలికి లేచాయంటే, బీడింగు కొట్టినా దాని అంచు దాటి తెల్లగా బయటికి కనబడుతున్నాయి. ఇక మిగిలింది గుమ్మం వైపు. అక్కడ బీడింగు రాదు. గదిలోకి అడుగు పెట్టేవాడి కాలికి తగిలేదే కోసిన అంచు. లెక్క చూసుకున్నాను. గుమ్మం వైపుకి ఆరు పలకలు కావాలి. ఆరే ఉన్నాయి. ఒక్కటి పాడైనా గది అలా నోరు తెరుచుకుని మిగిలిపోతుంది, ఆ రంగు ఇంక దొరకదు, మాస్టారి మంచం పక్కనే పొడి రాలే గచ్చు ఉంటుంది. మర్నాడు వస్తానని చెప్పి, మాస్టారి వైపు చూడకుండా బయటపడ్డాను.

మర్నాడు పొద్దున్న నేను గుమ్మంలోకి రాగానే ఆయన చెయ్యి చాపారు.

"నిన్న కోసిన ముక్క... ఒకటి పట్రా."

తెచ్చి ఇచ్చాను. బొటనవేలితో అంచంతా తడిమారు. ముక్కని ఒళ్ళో పెట్టుకున్నారు.

"దీన్ని బద్ద కింద దాస్తావా?"

"అందరూ అలాగే చేస్తారండీ."

"అందరూ నా దగ్గర... చదువుకోలేదు."

తల తీసేసినట్టయింది. అడకత్తెరని హాల్లోకి ఈడ్చుకు రమ్మన్నారు. ఈడ్చుకొచ్చాను. చుట్టూ చూసి దిమ్మ దగ్గర కళ్ళు ఆపారు.

"ఆ గుట్ట ఏంటి?"

"షావుకారు గారు పెట్టిన బొట్టండీ."

"పెట్టుకోనీ. దండం కూడా పెట్టుకోనీ. పలక దేనికి ఆనుతోంది... దిమ్మకా, బొట్టుకా?"

"బొట్టుకేనండీ. తుడిస్తే ఆయన నొచ్చుకుంటారేమోనని..."

"అడిగావా?"

అడగలేదు. ఏడాదిగా ఒక్కనాడూ అడగలేదు. మాస్టారు తన భార్య వైపు చూశారు. ఆవిడ టేబులు మీది ఫోను తెచ్చి నా చేతికిచ్చింది. షాపుకి చేస్తే షావుకారు గారే ఎత్తారు.

"ఏవండీ, నేనండీ. ఏమీ అనుకోనంటే ఒక మాటండీ. మిషను మీద బొట్టు కాస్త తుడవచ్చాండీ?"

అయిపోయింది నా ఉద్యోగం అనుకున్నాను.

"అయ్యో, అదేంటండీ! శుక్రవారం పాత బొట్టు తీసేసి కొత్తది పెట్టాలండీ. పద్ధతే అదండీ. మిషను మీరు వాడేది కదా, పని అయ్యాక మీరు తుడుస్తారని చూశానండీ. తుడవలేదు. చర్చికి వెళ్ళేవారు కదా, ముట్టుకోడానికి మీకు ఇబ్బందేమో, నేను చెబితే బావుండదేమోనని ఊరుకున్నానండీ. పోనీ నేనే తుడుద్దామంటే, మీ పనిముట్టు మీద చెయ్యేస్తే మీరేమనుకుంటారోనని అదీ మానేశానండీ."

ఇదండీ సంగతి. ఇద్దరు పెద్దమనుషులు ఒకరి మనసు ఒకరు నొప్పించకుండా ఏడాదిపాటు మర్యాదగా మూడు ఊళ్ళలో జనం ఇళ్ళు పాడుచేశారు. నాకు నవ్వొచ్చింది, ఒళ్ళు మండింది, ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఎంత గాడిద పని! మాస్టారి భార్య తడిగుడ్డతో రుద్దితే బొట్టు కదల్లేదు. చాకుతో గీకి, రాలిన పసుపు ఎవరి కాలికిందా పడకుండా కాగితంలోకి ఎత్తి, పెరట్లో మందారం మొదట్లో పోసి వచ్చింది.

"ఇప్పుడు కత్తి విప్పు" అన్నారు మాస్టారు.

"కంపెనీ సెట్టింగండీ. విప్పకూడదంటారండీ."

"కంపెనీవాడు వచ్చి కోస్తాడా... ఆ ఆరు పలకలూ?"

విప్పాను. గోనెపట్టా దాటి దిగిన చేపనీళ్ళ తుప్పు కత్తి పొడవునా గోధుమరంగు మచ్చలుగా పట్టేసింది. ఆయన దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి, అంచు నా కంటివైపు తిప్పారు. అంచు మీద సన్నని తెల్లగీత మెరిసింది.

"ఏం కనబడుతోంది?"

"అంచండీ."

"పదునున్న అంచు... కంటికి కనబడదు. కనబడితే మొద్దు. తొమ్మిదో క్లాసులో చెప్పాను. రాయి తీ."

"నా రాయి అటక మీదుందండీ."

"ఏ ఊరి అటక?"

ఏలూరండీ అని నేను అనేలోపే ఆవిడ వంటింట్లోంచి ఒక సానరాయి తెచ్చింది. మాస్టారిదే. ఆయన పని మానేశాక ఆవిడ దానిమీద కత్తిపీట నూరుకుంటోంది. అంటే ఆ ఇంట్లో వంకాయలు కూడా నా పలకల కంటే శుభ్రంగా తెగుతున్నాయి.

వరండాలో కూర్చుని మొదలుపెట్టాను. కత్తికి ఒకవైపే వాలు ఉంటుంది. ఆ వాలు చెడకుండా రాయి మీద తోయాలి. రెండోవైపు రాయికి పూర్తిగా ఆనించి, అంచున లేచిన నూగు తియ్యాలి, అంతే. చెప్పడానికి అంతే. రెండు గంటలు పట్టింది. నా మణికట్టు వాలు తప్పినప్పుడల్లా హాల్లోంచి నాలుకతో "చ్" అనే చప్పుడు వినిపించేది. ఆయనకి కనబడటం లేదు, రాయి మీద కత్తి పాట విని చెబుతున్నారు. మనసులో బండబూతులు తిట్టుకున్నాను. ముసలాడికి ఊపిరి చాలదు గానీ వంకలు పెట్టడానికి చాలుతుందనుకున్నాను. తిట్టుకుంటూనే వాలు సరిచేసుకున్నాను. ఎప్పుడో మర్చిపోయాననుకున్న పని చేతులకి గుర్తుండటం చూసి సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

నూరిన కత్తి ఆయనకి చూపించాను. వెలుగులో తెల్లగీత పోయింది. బిగించేటప్పుడు కత్తికీ కింద బద్దకీ మధ్య సందు చూపించమన్నారు. పోస్టుకార్డు వదులుగా దూరింది. పలుచని కాగితం ఒరుసుకుంటూ పోయేంత దగ్గరికి తెచ్చి బోల్టులు బిగించాను. మిషనుని మళ్ళీ గదిలోకి ఈడ్చుకెళ్ళాను. పలక తోక కిందికి వాలకుండా దాని కింద స్టూలు వేసి, ఎత్తు చాలకపోతే పాత పేపర్లు మడిచి పెట్టాను. కోసే గీత మీద టేపు అంటించాను. నిన్న విరిగిన ముక్కల మీద మూడుసార్లు కోసి చూశాను. మూడింటికీ చివర్లో చిన్న పెచ్చు లేచింది.

"పిడి మీద పడకు" అన్నారు హాల్లోంచి. "ఆనించు. కత్తి పలకని తాకాక... అప్పుడు బరువెయ్యి. ఒకేలా."

నాలుగోది శుభ్రంగా తెగింది.

ఇక ఆరు పలకలు. మొదటిది దిమ్మకి ఆనించాను. ఈసారి ఇనుము మీద ఆనింది, ఊగలేదు. పిడి దించాను. కరకర లేదు, ఫట్టుమనలేదు, పలక తెగింది. హాల్లోంచి తిట్టు కోసం ఆగాను. రాలేదు. ఆయనకి ఏమైనా అయిందేమోనని భయం వేసి బయటికి రాబోతుంటే అన్నారు.

"ఏరా... ఎంతసేపు? కొయ్యవేం?"

"కోసేశానండీ మాస్టారూ."

మిగతా ఐదూ కోశాను. ఆరింటినీ గుమ్మం దగ్గర కూర్చాను. హాలు టైల్సుకీ గది పలకలకీ మధ్య దారం పెట్టి గీసినట్టు వచ్చింది. చేత్తో రాసి చూసుకున్నాను. ఎక్కడా గరగర లేదు. ఏడాదిలో మొదటిసారి ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది.

మాస్టారు లేచి నిలబడ్డారు. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి గోడ మీద. గుమ్మం దగ్గర ఆగి, కాలి బొటనవేలితో ఆ అంచుని ఈ చివరి నుంచి ఆ చివరికి రాశారు. బాగుందనలేదు. ఆ మాట ఆయన నోటివెంట స్కూల్లో ఎవరం వినలేదు. లోపలికి నడిచారు. నడిచి, నేను భయపడుతున్న చోటికే చూశారు. వెనక గోడ. నిన్న నేను విరిచిన అంచులు బద్ద దాటి వరసగా పళ్ళు ఇకిలిస్తున్నాయి. మార్చడానికి పలకలు లేవు. నా వేళ్ళు వాటంతటవే పిడికిలిలోకి ముడుచుకున్నాయి.

ఆవిడా నేనూ మంచం లోపలికి తెచ్చాం. ఆ గదికి కిటికీ ఒక్కటే, పక్కగోడకి ఉంది. ఆవిడ మంచాన్ని అటు లాగింది.

"కిటికీ కిందే కదండీ? గాలి తగులుతుంది."

"వద్దు. వెనక గోడకి... ఆనించి వెయ్యండి."

"అక్కడికి గాలి రాదండీ. మీరే కదండీ, ఎప్పుడూ కిటికీ కిందే వెయ్యమనేవారు?"

"వస్తుందిలే. అక్కడే వెయ్యి."

వేశాం. నేను పాడుచేసిన అంచంతా మంచం కింద చీకట్లోకి పోయింది. ఆయన దుప్పటి కొస ఇంకాస్త కిందికి లాగి, పది రోజుల తర్వాత వెన్ను వాల్చి కళ్ళు మూసుకున్నారు. ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. మంచం కోడు సర్దుతున్నట్టు వంగి, ఆవిడకి నా మొహం కనబడకుండా కాసేపు అలాగే ఉండిపోయాను.